కాలువ వైపు కిటికీ

గోడ మీద సుత్తి పిడితో మెల్లగా తట్టుకుంటూ పోయాడు మేస్త్రీ. నడుం ఎత్తున ఒకసారి, భుజం ఎత్తున ఒకసారి, చెవి ఆనించి మరోసారి. ఎక్కడ తట్టినా గోడ ఒకేలా పలికింది. తన చేత్తో తాను మూసిన కిటికీ తనకే దొరక్కపోవడం అతనికి ఒక పక్క చిరాగ్గానూ, ఇంకో పక్క కాస్త గర్వంగానూ ఉంది.

"అంత బాగా మూశావన్నమాట," అంది భార్య మిషను మీంచి తలెత్తకుండా.

"మూయమన్నది ఎవరు? ముక్కు మూసుకుని అన్నం తినడం తన వల్ల కాదన్నది ఎవరు?"

ఆవిడ దారం తెంపింది.

సందులో అందరూ ఆవిణ్ణి మిషనమ్మ అంటారు. ఇల్లు రెండు గదులు, రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి. ముందు గదిలో పొయ్యి, మంచం, వచ్చేపోయేవాళ్ళు. వెనక గదిలో కుట్టుమిషను, గుడ్డల మూటలు, పట్టపగలు కూడా ఆర్పని ట్యూబులైటు. పైన బావగారి వాటా. అటూ ఇటూ ఆనుకుని పక్కిళ్ళు. వెలుతురు రావాలంటే మిగిలింది వెనక గోడ ఒక్కటే. బడి యూనిఫారాల కాలం. నీలం గుడ్డ మీద నీలం దారం. కుట్టు ఎక్కడుందో కళ్ళతో కాక బొటనవేలితో వెతుక్కోవలసి వస్తోంది. మొన్న ఒక నిక్కరుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేసింది. సందంతా నవ్వింది, ఆవిడా నవ్వింది. ఆ కుట్టు విప్పుతున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఇలాగే ఉంటే వచ్చే యూనిఫారాల కాలానికి తాను మిషను ముందు కూర్చోలేనని ఆ విప్పడంలోనే ఆవిడకి అర్థమైంది.

అందుకే కిటికీ. ఇప్పుడు మూసి ఉంచాల్సిన అవసరం కూడా పోయింది. గోడ అవతల ఉన్నది మురుక్కాలువ కాదు, కాలువ. పూడిక తీశారు, పైనుంచి మంచినీళ్ళు వదిలారు, రెండు గట్లమ్మటా రాళ్ళు పరిచి నడిచే బాటలు వేశారు. బెంచీలు, దీపాలు, పూలమొక్కలు. జనం పొద్దున్నే వచ్చి గుండెల నిండా గాలి పీలుస్తున్నారని సందులో చెప్పుకుంటారు. చెప్పుకోవడమే. ఈ వరుసలో ఏ ఇంటికీ అటువైపు తలుపు లేదు, కిటికీ లేదు. కంపుకి వీపు తిప్పి కూర్చున్న ఇళ్ళు. కాలువ బాగుపడింది కదా అని ఇళ్ళు లేచి ఇటు తిరిగి కూర్చోలేవు.

చివరికి గుడ్డల మూటల వెనక శబ్దం మారింది. కడుపులో మాట దాచుకున్న మనిషిలా డొల్లగా పలికింది గోడ. మేస్త్రీ మొహం విప్పారింది. భార్య దగ్గర సుద్దముక్క తీసుకుని నాలుగు గీతలు గీశాడు. గుడ్డ మీద గీసే సుద్ద గోడ మీద ఎంత మెత్తగా పోతుందో అన్నాడు. పొద్దు గూకేలోపు ఆకాశం కనపడుతుందన్నాడు. ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు.

అప్పుడు ఫోను మోగింది.

అవతల కాంట్రాక్టరు. మేస్త్రీ ఊఁ కొట్టాడు, సరే అన్నాడు, ఎక్కడ అని అడిగాడు. కాసేపాగి, ఎక్కడ అని రెండోసారి అడిగాడు. ఫోను జేబులో పెట్టుకుని, ఉలిని లుంగీ అంచుతో తుడిచి సంచిలో పడేశాడు.

"పని వచ్చింది."

"మంచిదే. ఎక్కడ?"

"దగ్గరే."

"ఎంత దగ్గర?"

మేస్త్రీ గడ్డంతో సుద్దగీతల వైపు చూపించాడు. తర్వాత విడివిడిగా చెప్పాడు. ఇళ్ళ వెనక పొడవునా, చెయ్యెత్తినా అంచు అందనంత ఎత్తున గోడ కడతారట. ఇళ్ళకీ దానికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు వదులుతారట. పార్కులో నడిచేవాళ్ళ కళ్ళకి ఈ ఇళ్ళ వెనక భాగాలు అసహ్యంగా ఉన్నాయట.

మిషనమ్మ పెడలు మీద కాలు ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"చొక్కా మార్చుకుని వెళ్ళు," అంది.

*

మర్నాడు పెద్ద టీచరు వచ్చింది. హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం నుంచి దిగిపోయినా ఆవిడకి పేరు దిగలేదు. గొంతూ దిగలేదు. కాలువ అవతలి అపార్టుమెంట్లలో ఉంటుంది. మిషనమ్మ చేతి కుట్టు తప్ప ఇంకొకరిది ఒప్పదు. వంతెన దాటి, బజారు తిరిగి, సందులో నడిచి ముందు గుమ్మంలోకి వస్తుంది. పని చూసుకుని ముందు గుమ్మంలోంచే వెళ్ళిపోతుంది. వెనక గది ఆవిడ ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన పనీ పడలేదు.

నడకకి వేసుకునే పొడుగు చొక్కా వదులైపోయిందట. ఒంటి మీదే కొలిచి పక్కలు బిగించాలి. మిషనమ్మ గుప్పెడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఆవిడ చుట్టూ మోకాళ్ళ మీద తిరగడం మొదలుపెట్టింది.

వదులైనందుకు టీచరు సంతోషంగా ఉంది. అంతా ఆ పార్కు చలవేనంది. పొద్దున్నే ఆ నీళ్ళ పక్కన నడుస్తుంటే ప్రాణం లేచొస్తోందంది. బాతులు కూడా వచ్చాయంది. ఇన్నాళ్ళూ ఆ దుర్గంధం పక్కన మనుషులు ఎలా బతికారో అని ఆశ్చర్యపడింది. మిషనమ్మ ఒక్కో సూదీ నోట్లోంచి తీసి గుడ్డలో గుచ్చుతూ, తల మాత్రం ఊపుతోంది.

"ఒక్కటే బాధ," అంది టీచరు. "ఇటు గట్టున నడుస్తుంటే ఒక పక్క పూలూ నీళ్ళూ, ఇంకో పక్క పాచి పట్టిన గోడలు. పైపులు కారుతుంటాయి. మేడల మీంచి గుడ్డలు వేలాడుతుంటాయి. ఎవరికి చూపించుకుంటాం చెప్పు. నడక సంఘంలో అందరిచేతా అడిగించి, పార్కు ఇంజనీరు వెంటపడి, మొత్తానికి అడ్డంగా గోడ మంజూరు చేయించాను. నేను పట్టుకుంటే వదలనని నీకు తెలుసుగా. అబ్బ."

సూది ఒంటికి తగిలింది.

కదలొద్దన్నట్టు చెయ్యి చూపించింది మిషనమ్మ. టీచరు కదలకుండా నిలబడింది. ఆఖరి సూది కూడా నోట్లోంచి చొక్కాలోకి వెళ్ళాక గాని మిషనమ్మకి మాట రాలేదు.

"ఆ ఇళ్ళల్లో ఎవరుంటారో కనుక్కున్నారా అమ్మా?"

"ఇళ్ళా? కిందవన్నీ సామాన్లు దాచుకునే గోడౌన్లనుకున్నానే. ఒక్క కిటికీ లేదు, ఒక్క తలుపు లేదు. మనుషులే ఉంటే, అంత చక్కటి నీళ్ళు వీపు వెనక పెట్టుకుని కిటికీ అయినా పెట్టుకోరూ?"

మిషనమ్మ టేపు వేళ్ళకి చుట్టుకుంది. మధ్య తలుపు రెండడుగుల్లో ఉంది. తీసి, మీరు చెప్పిన గోడ లోపలి పక్క ఇదేనమ్మా అంటే సరిపోతుంది. అంటే టీచరు నొచ్చుకుంటుంది. నొచ్చుకున్న మనిషి సిగ్గుపడి మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. అదొక్కటే అయితే మిషనమ్మ అనేసేదే. కారే పైపు తమదే. ఆ పాచీ తమదే. అవి మావేనండీ అని చెప్పుకోవడానికి నోరు తిరగలేదు.

"ఎల్లుండికి ఇస్తాను," అంది.

*

గోడ లేవడం మిషనమ్మ చూడలేదు. విన్నది.

తాపీ అంచుతో సిమెంటు దిమ్మని తట్టి కూర్చోబెట్టడంలో ఒక్కొక్కరిది ఒక్కో చెయ్యి. మిగతా మేస్త్రీలు కొట్టి వదిలేస్తారు. ఆవిడ మొగుడు ఒక దెబ్బ కొట్టి, ఆగి, పసిబిడ్డ వీపు నిమిరినట్టు ఇంకో చిన్న దెబ్బ వేస్తాడు. ఆ దెబ్బ వరుసలో చివరింటి దగ్గర మొదలై ఇల్లిల్లూ దాటుకుంటూ దగ్గరికొస్తోంది. ట్యూబులైటు కింద మిషను, గోడ అవతల తాపీ. రెండూ ఒకేసారి ఆగినప్పుడు గది మరీ ఇరుకైనట్టు అనిపించేది.

పక్కింటి పిన్ని వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"మీ ఆయన మనల్ని బతికుండగానే సమాధి చేస్తున్నాడే. చేస్తే చేశాడు గాని, తాడు పట్టి మరీ తిన్నగా చేస్తున్నాడు."

సందులోవాళ్ళు నలుగురు కలిసి ఇంజనీరు దగ్గరికి వెళ్ళొచ్చారట. పిన్ని ఆ సంగతంతా చేతులు తిప్పుతూ చెప్పింది. ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడట, కుర్చీలు కూడా వేయించాడట. మీ స్థలంలో ఒక్క రాయి వేయడం లేదు, మీ గోడకి చెయ్యి తగలడం లేదు, మీకు పోయేదేముంది అన్నాడట. వెలుతురు పోతుందండీ అంటే, ఏ కిటికీలోంచి అని అడిగాడట. ఉన్న కిటికీకి అడ్డం కడితే రండి, ఆపిస్తాను అన్నాడట. కుర్చీల్లోంచి లేచి వచ్చేశారు.

"ఒక్క పూట ముందు మీ ఆయన ఆ నాలుగు ఇటుకలూ ఊడగొట్టి ఉంటేనా," అంది పిన్ని. "అక్కడికక్కడ ఆగిపోయేది. నీ ఒక్క కిటికీ అందరినీ కాసేది."

ఆ సాయంత్రం మేస్త్రీ కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మిషనమ్మ గుడ్డల మూటలు పక్కకి జరిపి ఉంచింది. సుద్దగీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. సంచిలోంచి ఉలీ సుత్తీ తీసి కింద పరిచిన గోనె మీద పెట్టింది.

"ఇంకా మన ఇంటి దాకా రాలేదుగా గోడ," అంది. "ఇప్పుడు కొట్టెయ్. రేపు పొద్దున ఇది ఉన్న కిటికీ."

మేస్త్రీ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ గీతల వంక చూశాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తాను కట్టే గోడని తానే ఆపించానని కాంట్రాక్టరుకి తెలియడానికి ఎంతోసేపు పట్టదన్నాడు. ఈ గోడ అయ్యాక పార్కులో మెట్ల పని ఉందన్నాడు, అదీ తనకే ఇస్తానన్నాడన్నాడు.

"నేను కట్టకపోతే ఇంకోడు కడతాడే."

"కట్టనీ. ఇంకోడు కడితే నా కోపం ఇంకోడి మీదికి పోయేది. అంతే తేడా."

అన్నం పెట్టింది. అతను తిన్నాడు. తిన్నాక ఉలీ సుత్తీ తీసి సంచిలో పెట్టుకున్నాడు. గోనె మాత్రం అక్కడే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ దెబ్బ సరిగ్గా ఆవిడ వెనక్కి వచ్చింది. వచ్చి ఆగింది. తాపీ చప్పుడు లేదు, దిమ్మ దించిన చప్పుడు లేదు. మిషనమ్మ చేతికింద గుడ్డ కూడా ఆగింది. ఎవరో కూలీ ఏమైంది మేస్త్రీ అని అడగడం సన్నగా వినిపించింది. తర్వాత ఒక దెబ్బ, కాస్త ఆగి, దాని వెనకే చిన్న దెబ్బ. వరుస మీద వరుస లేచింది. ఇంటి దగ్గర కదా అని వంకర పోలేదు, పల్చబడలేదు. అందరి వెనకా కట్టినట్టే కట్టాడు.

*

గోడ పూర్తయ్యాక పార్కు వైపు నున్నగా పూత పూసి బొమ్మలు వేశారు. కొంగలు, చేపలు, తామరాకులు. ఇళ్ళ వైపు పూత లేదు. అటు చూసేవాళ్ళెవరు.

రంగు ఆరిన మరుసటి మధ్యాహ్నం, అన్నాల వేళ దాటాక, మిషనమ్మకి ఎవరో పిలిచినట్టనిపించింది. సందులోంచి కాదు. మిషను ఆపింది. ఏమీ లేదు. మళ్ళీ తొక్కబోతుంటే మళ్ళీ వినిపించింది, బావిలోంచి వచ్చినట్టు సన్నగా. ఎవరైనా ఉన్నారా.

లేచి మూటలు లాగేసి సుద్దగీతల మధ్య చెవి ఆనించింది. ఒంటి ఇటుక మందాన ఉన్నది అక్కడొక్కటే. గొంతు ఆడది. కత్తెర పిడితో గోడ మీద గట్టిగా కొట్టింది.

"ఎవరూ?"

"పడిపోయాను. లేవలేకపోతున్నాను."

"కదలకండి. వస్తున్నా."

గోడలే లేకపోతే చెయ్యి చాపితే అందేంత దూరంలో మనిషి. అక్కడికి వెళ్ళడానికి మిషనమ్మ ముందు గదిలోంచి సందులోకి, సందులోంచి బజారులోకి, బజారంతా నడిచి వంతెన పక్కనున్న గేటు దాకా పోయింది. చెప్పులు ఒకటి తనది, ఒకటి మేస్త్రీది. చెట్టు నీడలో కూర్చున్న వాచ్‌మన్ లేవకుండానే మధ్యాహ్నం మూత అన్నాడు. లోపల మనిషి పడిపోయిందని చెప్పింది. తాళం వేశాక లోపల మనిషెలా ఉంటుందన్నాడు.

"తాళం వేసేటప్పుడు లోపల చూశావా బాబూ?"

వాచ్‌మన్ లేచాడు.

ఇటు గట్టు బాట ఆ గోడ పుణ్యమా అని సొరంగంలా తయారైంది. ఒక పక్క ఎత్తైన గోడ, ఇంకో పక్క గుబురుగా పెరిగిన మొక్కలు. అవతలి గట్టు నుంచి చూసినా ఇక్కడ ఏముందో కనపడదు. మొక్కలకి పెట్టిన గొట్టం కారి రాళ్ళు తడిసి ఉన్నాయి. ఆ తడి చివర, ఒక కొంగ కాళ్ళ దగ్గర, పెద్ద టీచరు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బిగించి ఇచ్చిన చొక్కాయే వేసుకుంది. పాదం పక్కకి తిరిగి బుడగలా వాచింది.

రంగు ఎలా వచ్చిందో తీరిగ్గా చూద్దామని జనం లేని వేళ వచ్చిందట. ఫోను ఇంట్లో మరిచిపోయిందట. ఎంత పిలిచినా ఎవరూ రాలేదట. ముక్కలు ముక్కలుగా చెప్తూ మిషనమ్మ మొహంలోకి చూసింది.

"నువ్వెక్కణ్ణుంచి వచ్చావమ్మా?"

"ఇక్కణ్ణుంచే."

"ఇక్కడంటే?"

మిషనమ్మ ఆవిడ వీపు వెనకున్న కొంగని చూపించింది. "దీని వెనక. మా వెనక గది."

టీచరు మెడ తిప్పి గోడని చూసింది. తల మీదుగా గోడ పై అంచు దాకా చూసింది. అంచు మీదుగా ఒక మేడ కొన, దాని మీద ఆరేసిన నీలం నిక్కర్లు కనపడ్డాయి.

"నాకు గోడే జవాబిచ్చినట్టు అనిపించింది," అంది కాసేపటికి. "భయమేసింది కూడా. నువ్వా?"

"నేనే."

వాచ్‌మన్ బండి తేవడానికి వెళ్ళాడు. మిషనమ్మ ఆ పాదం ఒళ్ళోకి తీసుకుని, మెడలోని టేపుతో చీలమండ చుట్టూ కదలకుండా బిగించి కట్టింది. టీచరు పళ్ళు బిగబట్టింది.

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"నోట్లో సూదులున్నాయి."

"తర్వాత తీశావుగా."

మిషనమ్మ టేపు కొసని ముడేసింది.

*

టీచరు పట్టుకుంటే వదలదు. కాలికి కట్టు కట్టించుకుని మంచం మీద పడుకునే అందరికీ ఫోన్లు చేసింది. నడక సంఘంలో చాలామంది ఆ గట్టున నడవడం అప్పటికే మానేశారు. ఆడవాళ్ళయితే అటు తొంగి చూడడం లేదు. బొమ్మలు బాగానే ఉన్నాయి గాని, ఏదైనా జరిగితే చూసే దిక్కు లేదన్నారు. పైపులు కారినా, గుడ్డలు వేలాడినా, అటు మనుషులున్నారన్న ధైర్యం ఉండేదని ఒకావిడ అన్నదట. గోడ లేనప్పుడు ఆ మాట ఎవరికీ తోచలేదు. ఇంజనీరు వచ్చి బాట ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒంటరిగా నడిచి చూసుకున్నాడు. ఒప్పుకున్నాడు.

ఆ కబురు ఇంటికి తెచ్చింది మేస్త్రీ. గోడలో కంతలు కొట్టమన్నారట. ఏ ఇంటివాళ్ళు కిటికీ పెట్టుకుంటామంటే ఆ ఇంటి ఎదురుగా వెడల్పాటి కంత. పనీ తనకే ఇచ్చారట. చెప్తుంటే అతని మొహం పెళ్ళినాటి మొహంలా ఉంది. సంచిలోంచి ఉలి తీసి, ఎవరూ అడగకుండానే గోనె మీద పెట్టాడు.

టీచరు తానే వచ్చి చెప్పాలనుకుంది. సందు మొదట్లో కారు ఆపించి, కర్ర ఊతంగా ముందు గుమ్మం దాకా వచ్చి, ఈసారి ముందు గదిలో ఆగలేదు. మధ్య తలుపు దాటి వెనక గదిలోకి వచ్చింది. ట్యూబులైటుని చూసింది, మూటలని చూసింది, గోడ మీద గీతలని వేలితో తడిమింది. మిషనమ్మ స్టూలు తుడిచి వేసింది.

"మొదటి కంత నీ ఎదురుగానే," అంది టీచరు. "ఇంజనీరుకి గట్టిగా చెప్పాను. పగలంతా కిటికీ తీసి ఉంచు. అటు కాస్త కన్నేసి ఉంచు. నువ్వు ఎలాగూ రోజంతా ఇక్కడే కూర్చుంటావు కదా, తలెత్తితే చాలు."

"తల దించుకుంటేనే నా పని సాగేదమ్మా."

టీచరు నవ్వింది. మంచి మాట అన్నావంది. ఆవిడ కళ్ళల్లో నిజంగానే సంతోషం ఉంది, తప్పు దిద్దుకున్న మనిషి సంతోషం. వెళ్ళేటప్పుడు మిషనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దింపింది.

అంతా విని పక్కింటి పిన్ని గోడకి చేరబడి దీర్ఘం తీసింది. "మనం కనపడకూడదని గోడ కట్టారు. మనకి వాళ్ళు కనపడాలని ఇప్పుడు చిల్లులు పెడుతున్నారు. మనల్ని కాపలా కుదుర్చుకుంటున్నారే, ముష్టి టోపీ అయినా ఇవ్వకుండా." అని, పోయి తన ఇంటికి కూడా ఒక కంత రాయించుకొచ్చింది.

*

మేస్త్రీ ముందు అవతల గోడకి కంత కొట్టి, తర్వాత ఇంట్లోకి వచ్చి కిటికీ తెరిచాడు. మొదటి ఇటుక కదలడానికి మొండికేసింది, మిగతావి తేలిగ్గా వచ్చాయి. దుమ్ము మధ్యలోంచి వెలుతురు గదిలోకి దిగింది. ఇన్నేళ్ళూ ఆ పాత ట్యూబులైటు కింద గది రంగు పసుపనుకునేది మిషనమ్మ. తెలుపు. మూలల్లో బూజు, మిషను ఒంటి మీద గీతలు, తన చేతుల మీద నరాలు, అన్నీ ఒక్కసారిగా కనపడ్డాయి. చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. లేచి ట్యూబులైటు ఆర్పింది.

చెక్క చట్రం బిగించి, అంచులు పూసి, మేస్త్రీ మిషనుని తానే ఎత్తి సరిగ్గా కిటికీకి ఎదురుగా పెట్టాడు. కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చుంది. తలెత్తితే కిటికీలోంచి కంత, కంతలోంచి బాట, మొక్కల సందుల్లోంచి కదిలే నీళ్ళు. బాట మీద పోతున్న ఒకాయన వంగి లోపలికి చూసి, ఆవిడ కళ్ళు తగలగానే తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ నవ్వి చెయ్యి ఊపింది. నీళ్ళు బాగున్నాయి. బాగున్నాయనే అంది మిషనమ్మ.

మేస్త్రీ తృప్తిగా సిమెంటు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. వచ్చేసరికి మిషను తిరిగి ఉంది. ఆవిడ ఒక్కతే ఎలా ఈడ్చిందో గాని, కిటికీ ఇప్పుడు ఆవిడ ఎడమ భుజం వెనక ఉంది. నీలం నిక్కరు ఒకటి అప్పుడే సూది కిందికి పోతోంది.

"అదేంటే, అలా తిప్పావు?"

"ఎదురుగా ఉంటే కళ్ళల్లో కొడుతోంది. వెలుతురు భుజం మీంచి రావాలి, సూది మీద పడాలి."

"నీళ్ళు కనపడవు కదా."

"నేను అడిగింది వెలుతురు."

"మరి వాళ్ళు అటు కన్నేసి ఉంచమని..." మేస్త్రీ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆవిడ వీపు మీద, ఒంచిన మెడ మీద, రెండు చేతుల మీద వెలుతురు పడి ఉంది. మిషను ఒక పక్కకి ఊగుతోంది. అతను కాసేపు నిలబడి, కిందున్న ఇటుక ముక్కల్లో పల్చటిది ఏరి, మోకాళ్ళ మీద కూర్చుని, మిషను కాలి కింద అటూ ఇటూ జరిపి చూసి దోపాడు. ఊగడం ఆగింది.

పొద్దు వాలుతుండగా బాట మీద కర్ర చప్పుడు వచ్చి కంత ముందు నిలిచింది.

"ఇటు తిరుగమ్మా ఒకసారి," అంది టీచరు గొంతు. "కిటికీలో నీ మొహం చూద్దామని ఇంత దూరం కుంటుకుంటూ వచ్చాను."

"కుట్టు మధ్యలో ఉన్నానమ్మా. చెప్పండి."

"చెప్పడానికేముంది. ఇలా కూర్చుంటే బాట మీద ఏం జరిగినా నీకు కనపడదే."

"పిలవండి. వినపడుతుంది," అంది మిషనమ్మ. "మొన్నా వినపడింది."

టీచరు వెంటనే వెళ్ళలేదు. కుట్టు అయ్యాక తిరుగుతుందేమోనని చూసినట్టుంది. ఆ కుట్టు అయింది. దారం తెగింది. ఇంకో నిక్కరు సూది కిందికి వెళ్ళింది. కాసేపటికి కర్ర చప్పుడు నెమ్మదిగా బాట వెంట సాగిపోయింది. మిషనమ్మ ఆ చప్పుడు గేటు మలుపు దాకా విన్నది, పెడలు మీద కాలు ఆపకుండానే.